తలకోనలో ప్రాక్టికల్స్

భాకరాపేట కనుమ దిగేసరికి
ఇంటర్ ఫస్టియర్ బైపీసీ సగం
బస్సు కిటికీల్లోంచి వాంతి చేసుకుంది.
మిగతా సగం ఒళ్ళో రికార్డు పుస్తకాలు,
వాటిలో నిన్న నేను గీయించిన అయిదు గళ్ళు,
స్కేలు పెట్టి, ఎర్ర ఇంకుతో.

దారి చూపడానికి పెంచలమ్మ వచ్చింది,
నడుముకు కత్తి, నోట్లో ఆకు, కాళ్ళకు ఏమీ లేదు.
వాగులో పచ్చటి రాయి మీద అడుగు వేయబోతే
"పైలం మేడమూ, అది జారుడు జాతి" అంది.

శైవలం, అన్నాను పిల్లలతో. మొదటి గడి.
వేరని లేదు, కాండమని లేదు, ఆకని లేదు,
ఒళ్ళంతా ఒకటే ఒళ్ళు.
నీళ్ళు వెళ్ళిపోతే దాని కథ అక్కడికి సరి.

రాయి నడుం దగ్గర నాచు మొదలైంది,
పిల్లి వీపు నిమిరితే చేతికి తగిలినట్టు.
నేల మీదికైతే వచ్చింది గానీ
పెళ్ళికి ఇప్పటికీ నీళ్ళే కావాలి దీనికి,
మగకణం ఈదుకుంటూనే పోవాలి, అన్నాను.
వెనక బెంచీ వాళ్ళు
అడవిలోనూ వెనకే నిలబడి నవ్వారు.

ఇంకా పైన, నీడలో, ఫెర్న్.
పిడికిలి విప్పని లేతాకు ఒకటి, విప్పినవి నాలుగు.
మునితేజ ఒకదాన్ని తిరగేశాడు.
అడుగున వరసగా గోధుమరంగు చుక్కలు.
"మేడం, రోగమా?"
కాదురా, సంసారం.
లోపల నాళాలున్నాయి, నీళ్ళు పైకెక్కుతాయి,
అందుకే నాచు కంటే తలెత్తి నిలబడింది.

పేరిత దగ్గర ఫారెస్టు గార్డు కూడా ఆగాడు.
తాకొద్దన్నాడు, ఈ కొండలు దాటితే ఇది యాడా లేదన్నాడు.
ఈతమట్టల్లాంటి ఆకులు. పూవు లేదు, కాయ లేదు.
ఆడచెట్టు విత్తనాన్ని ఏదీ కప్పకుండా
అట్నే గాలికి పెట్టుకోనుంది.
"బిడ్డకు చొక్కాయి కుట్టని తల్లి" అంది పెంచలమ్మ.
ఇరవై రెండేళ్ళుగా బోర్డు మీద
వివృతబీజం, వివృతబీజం అని రాస్తున్నాను,
నాకెందుకు తట్టలేదో ఈ మాట.

అయిదో గడికి పేజీ చాల్లేదు.
కానుగ, ఎర్రచందనం, వెదురు, బోద, ఉసిరి,
కాలికి గుచ్చుకున్న పల్లేరు కూడా.
సంచీలో చెనిక్కాయలుంటే ఒకటి ఒలిచి
చూడండి, రెండు బద్దలు, అన్నాను.
వెదురాకు నిలువునా చించి
ఇది ఒంటిబద్ద వంశం, అన్నాను.
చెనిక్కాయలు ఆ తర్వాత కనబడలేదు.

అప్పుడు పెంచలమ్మ మనవరాలు చెంగమ్మ,
పొద్దుటి నుంచి మా వెనకే వస్తున్న పిల్ల,
రాతి నెర్రెలోంచి పచ్చ పుల్లల కట్ట చూపింది.
ఆకుల్లేవు. మట్టి పక్కకు తోస్తే వేరూ లేదు.
ప్రతి పుల్లా రెండుగా చీలి, మళ్ళీ రెండుగా చీలి,
అక్కడక్కడా పసుపు గుండ్లు.
"ఇది యా గడి?"

సైలోటం. పుస్తకాలు దీన్ని ఒకచోట పెట్టాయి,
తీశాయి, ఇంకోచోట పెట్టాయి,
చివరికి ఫెర్న్‌ల పక్కన సర్దుకోమన్నాయి.
"మూడోది," అన్నాను, గొంతు సవరించుకుని.
"మీరేమంటారు దీన్ని?"
పెంచలమ్మ ఆకు ఉమ్మింది.
"తినేదానికి రాదు, మందుకు రాదు, పొయ్యికీ రాదు.
దాని పని అది చేసుకుంటా ఉండాది.
పేరెందుకు మేడమూ?"

పులిహోర పొట్లాలు విప్పినప్పుడు అడిగాను,
పిల్లను బళ్ళో వేయలేదేమని.
పోయినామమ్మా, అంది.
పుట్టిన తేదీ అడిగిరి. వాన పడిన రోజంటిమి.
కులం కాగితం అడిగిరి.
తాత ఊరు యాదని ఆపీసులో అడిగిరి,
అడివంటే, అది ఊరు కాదనిరి.
ఆ గడిలో ఏం రాసేదో ఆయప్పకీ తెలీలా.

రాత్రి రికార్డులు దిద్దుతున్నాను.
కరెంటు పోయింది, వచ్చింది.
మునితేజ పుస్తకంలో అయిదు గళ్ళ కింద
స్కేలు లేకుండా, పెన్సిల్‌తో, వంకరగా ఇంకొకటి.
లోపల పచ్చ పుల్లల బొమ్మ.
మొక్క పేరు రాయాల్సిన చోట:
చెంగమ్మ చూపిచ్చింది.

పదికి ఎన్ని వేయాలో తేలలేదు.
ముందు తప్పులు దిద్దుదామని
ఎర్రపెన్ను ఆ "చ్చ" దాకా పోనిచ్చి
ఆపేశాను.